మోకాళ్ళ మందు

ఇలా దగ్గరికి జరగండి అమ్మా. ఆ ఏసీ మోతలో నా గొంతు వినపడదు. ఇవాళ చెప్పేది అరిచి చెప్పే సంగతీ కాదు.

పోయిన వారం కథని మా ఇంటి గేటు దగ్గర ఆపాను. దోహాలో అల్ హిలాల్‌లో మా అబ్బాయి సత్యనారాయణమూర్తి ఇల్లది. వాడు స్టేడియాలు కట్టే ఒక కంపెనీలో ఇంజనీరు. రెండు వేల ఇరవై రెండు, జూలై పదో తారీకు, ఆదివారం. ముందు రోజు బక్రీదు, ఆ రోజు మనకి తొలి ఏకాదశి. నవంబరులో ప్రపంచమంతా బంతాట చూడటానికి వస్తుందని ఊరు ఊరంతా రంగులు వేసుకుంటోంది. నేను ఉపవాసంలో ఉన్నాను. హాల్లో నా మనవడు చైతన్య సూట్‌కేసు సర్ది నిలబెట్టి ఉంది. కాలేజీ ముందుగా తెరుస్తున్నారనీ, సాయంత్రం ఐదింటి విమానానికి హైదరాబాద్ వెళ్ళిపోతాడనీ కోడలు ధాత్రి చెప్పింది. సెలవు నుంచి వచ్చి ఐదు రోజులైనా నర్సింగ్ ఇటు తొంగిచూడలేదేమా అని నేను అనుకుంటూ ఉండగానే, అతని క్యాంపులోనే ఉండే గజేందర్ వచ్చి గేటు బయట నిలబడ్డాడు. నర్సింగ్‌ను పోలీసులు పట్టుకున్నారన్నాడు.

నర్సింగ్ ఎవరో మరిచినవాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. జగిత్యాల పక్క పల్లెటూరు అతనిది. మా అబ్బాయి సైటులో పైపుల పని చేస్తాడు. మూడేళ్ళ కిందట మా స్నానాల గదిలో గీజరు బిగించడానికి వచ్చాడు. పనయ్యాక మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఆ పని చేయరు. అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం బర్వా అల్ బరాహా కూలీల క్యాంపు నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని నాతో కబుర్లు చెప్పేవాడు. అతని మాట నాకు సగమే తెలిసేది, నా మాట అతనికీ అంతే. ఆ తెలియని సగానికి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఈ దేశంలో నాకు పది నిమిషాలిచ్చిన మనిషి అతనొక్కడే.

గల్ఫులో మనవాళ్ళకి ఒక పద్ధతుంది. సెలవు మీద వెళ్ళినవాడు తిరిగొచ్చేటప్పుడు పది ఇళ్ళ మూటలు మోసుకొస్తాడు. ఒకరి తల్లి పెట్టిన పచ్చడి, ఇంకొకరి భార్య పంపిన షుగరు మాత్రలు, ఒకడి మేనమామ తలకి రాసుకునే నూనె. ఎవరి మూటా విప్పి చూడరు. విప్పితే ఆ పంపిన తల్లిని అనుమానించినట్టే. చోటు చాలకపోతే తన బట్టలు తీసి ఇంట్లో పడేసి ఆ మూట పెట్టుకుంటారు.

నర్సింగ్ చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడు. అతను తిరిగొచ్చే ముందు చైతన్య ఓ రోజు నా మంచం మీద చేరి, నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తప్ప వాడలా చేసి ఎరగడు.

"నాయనమ్మా, నీ మోకాళ్ళకి హైదరాబాద్‌లో మంచి లేహ్యం ఉందట. మా ఫ్రెండు కొనిస్తాడు. నర్సింగ్‌తో తెప్పించుకో. నువ్వు చెబితే కాదనడు."

నేను పొంగిపోయాను. వెంటనే ఫోన్ చేశాను. నర్సింగ్, సాగనంపడానికి వచ్చిన భార్యతో హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో దిగి, చైతన్య స్నేహితుడి చేతుల మీదుగా డబ్బా తీసుకున్నాడు. ఇదంతా నా నోటి మాట మీద జరిగింది. ఈ సంగతి ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు.

ఇక గేటు దగ్గరికి వద్దాం.

గజేందర్ కంపెనీ పికప్ ఆపి, గోడ నీడలో నిలబడ్డాడు. ఆ నీడ జానెడు కూడా లేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పొద్దుగాల ఫోన్ జేసిండు పెద్దమ్మా. ఒక్కటే ఫోన్ ఇచ్చిండ్రట. ఇంటికి చెయ్యకుండ నాకు జేసిండు, నీకు చెప్పుమని."

"ఏం చెప్పమన్నాడు నాయనా?"

"'పెద్దమ్మ మందు అందలే, ఏమనుకోవద్దను. ఇంకెవలతోనన్న తెప్పిచ్చుకొమ్మను' అన్నడు. గంతే."

నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. పట్టుకున్నది దేనికని అడిగాను.

"మంగళారం దిగిండు గదా. బ్యాగ్ మిషిన్ల ఏసిండ్రు, డబ్బ దీసిండ్రు. అండ్ల నల్లగ, తారు లెక్క ఉన్నదట. ఎవ్వలిదని అడిగిండ్రు. నాదే, నా మోకాళ్ళకే అన్నడట."

"అతనిదేంటి? నాది కదా అది."

"గదే నేను గూడ అన్న. లేదురా, పెద్దమ్మ పేరు చెప్తే పోలీసోల్లు ఇంటికి పోతరు, ముసల్ది, గీ ఎండల ఠాణాల కూసుంటదా అన్నడు. ఏదో ఒక ఆకు గీ దేశంల బంద్ ఉండచ్చు, రెండొద్దులకు ఇడిసిపెడ్తరు అనుకున్నడు. అరబ్బీల కాయితం రాసి సంతకం వెట్టమంటే పెట్టిండు." గజేందర్ చేతిలో టోపీని నలుపుతూ అన్నాడు: "నీకు వైద్యుడు చీటీ ఇచ్చిండా పెద్దమ్మా? ఉంటే ఇయ్యి. కంపెనీ మందూబ్ కాళ్ళన్న మొక్కుత. అది మందే అని తేలితే బయటవడతడు."

మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. సరే నాయనా, చీటీ మా మనవడి దగ్గరుంటుంది, ఇప్పుడే తెస్తానని లోపలికి వచ్చాను. చీటీ దొరుకుతుందనే వచ్చాను సుమా. మెట్లెక్కేటప్పుడు కూడా, ఈ వైద్యుడు లేహ్యంలో ఏం కలిపాడో కదా అనే తిట్టుకున్నాను.

చైతన్య గదిలో నవ్వులు వినిపించాయి. తలుపు తోశాను. వాడు స్నానానికి వెళ్ళినట్టున్నాడు, నీళ్ళ చప్పుడు వస్తోంది. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో నలుగురు కుర్రాళ్ళు హైదరాబాద్‌లో ఎక్కడో ఒక గదిలో కూర్చున్నారు. మధ్యలో కేకు, దాని మీద ఏడు, ఒకటి, సున్నా అని పెద్ద అంకెలు. నన్ను చూసి ఒకడు చెయ్యి ఊపాడు.

"హాయ్ గ్రానీ, హ్యాపీ సెవెన్ టెన్."

"ఏం పండగ బాబూ ఇది? ఏకాదశికి కేకు కోస్తారా?"

వాళ్ళకి నవ్వాగలేదు. పక్కవాడు చెప్పాడు. "అమెరికాలో మొదలైంది గ్రానీ. ఏప్రిల్‌లో ఆకు పండగ, జూలై పదిన నూనె పండగ. ఆ అంకెలు తిరగేస్తే ఇంగ్లీషులో ఆయిల్‌లా కనబడతాయి. ఎవరూ సెలవివ్వరు, మేమే జరుపుకుంటాం."

"నూనె పండగా? తలంటు పోసుకుంటారా?"

"తలకి కాదు, తలలోకి," అన్నాడు మొదటివాడు. "ఆకు నుంచి పిండి తీసిన సారం. మీ చైతూ వాటా మీ మందు డబ్బాలోనే పంపించాం కదా. అందలేదా ఇంకా?"

వాడి పక్కవాడు వాడి భుజం మీద కొట్టాడు. తెర నల్లబడిపోయింది.

నాకు చదువు ఐదో తరగతి దాకే. కానీ మాది తుని పక్క ఊరు. మన్యం నుంచి దిగే సరుకు ఏదో, ఏ ఆకు కాయిస్తే ఏ నూనె వస్తుందో మాకు బడిలో చెప్పక్కర్లేదు. బైరాగుల చిలుములో చూశాం, లారీల్లో చూశాం. చివరికి నా మోకాళ్ళ పేరు మీద చూశాను.

చైతన్య తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. నా ముఖం చూశాడు, లాప్‌టాప్ చూశాడు. ముందు వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

"నాయనమ్మా, మెల్లగా. ప్లీజ్."

"నేనింకా నోరే విప్పలేదు."

"అది పెద్ద విషయం కాదు. కొన్ని దేశాల్లో షాపుల్లో అమ్ముతారు. లైన్లో నిలబడి కొనుక్కుంటారు."

"అమ్మే దేశానికి వెళ్ళి నిలబడకపోయావా. ఇక్కడ మా ఏకాదశినాడే కావాల్సొచ్చిందా?"

"అందరం ఒకే రోజు చేద్దామనుకున్నాం. వాళ్ళక్కడ, నేనిక్కడ. ఒక్క చెంచాడు, అంతే."

"నువ్వు జూన్‌లో అక్కణ్ణించే వచ్చావు కదరా. నీ పెట్టెలో ఎందుకు తెచ్చుకోలేదు?"

వాడు తువ్వాలు వంక చూశాడు. "ఎయిర్‌పోర్ట్‌లో కుక్కలుంటాయి."

"నర్సింగ్ వచ్చేసరికి వాటికి జలుబు చేస్తుందనుకున్నావా?"

"వాళ్ళ బ్యాగుల నిండా పచ్చళ్ళు, పొడులు, నూనెలే ఉంటాయి నాయనమ్మా. వాసనలో వాసన కలిసిపోతుందనుకున్నాను. లేబర్ వాళ్ళని ఎవరూ అంత పట్టించుకోరు."

ఆ మాట వాడు చెడ్డగా అనలేదు. ఆకాశం నీలంగా ఉంటుందన్నట్టు అన్నాడు. అన్నం ముద్దలు కలిపి పెట్టిన చేత్తో వాడి చెంప మీద కొట్టాను. వాడు కదల్లేదు. ఏడ్చాడు కూడా. దొరికిపోయినందుకా, నర్సింగ్ కోసమా అన్నది మాత్రం నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు పెంచి అదీ తెలియకపోవడమే నా బాధ.

"బతిమాలను, భయపెట్టను," అన్నాను. "మీ నాన్నతో చెబుదాం పద."

"నాన్నకి తెలుసు."

గడియ తీశాను. మూర్తి గుమ్మంలోనే ఉన్నాడు. ధాత్రి వాడి వెనకాల ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసురా?"

"అమ్మా, గొంతు తగ్గించు. బయట ఆ మనిషి ఉన్నాడు."

"ఎప్పట్నుంచని అడిగాను."

"బుధవారం నుంచి," అన్నాడు మూర్తి. "కంపెనీ ఆఫీసుకి పోలీసులు కబురు పెట్టారు. డబ్బా అనగానే వీణ్ణి అడిగాను, చెప్పాడు."

బుధవారం. అంటే నాలుగు రోజులుగా నా కొడుకు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. నర్సింగ్ ఇంకా రాలేదేంట్రా అని నేను గురువారం అడిగితే, డ్యూటీ ఎక్కువగా ఉందేమోనన్నాడు. కాలేజీ తెరవడమూ అబద్ధమే. బక్రీదు రద్దీలో టికెట్ దొరక్క ఆదివారం దాకా ఆగారు, లేకపోతే నర్సింగ్ సంగతి నాకు తెలిసేనాటికి చైతన్య దేశమే దాటేసేవాడు.

"చూడమ్మా," అన్నాడు మూర్తి, సైటులో పనివాళ్ళకి లెక్క వివరించే గొంతుతో. "ఆ డబ్బా తనదేనని అతనే ఒప్పుకున్నాడు. సంతకం చేశాడు. ఇప్పుడు మనం వెళ్ళి చెబితే అతణ్ణి వెంటనే వదిలేస్తారని నమ్మకమేముంది? మోసింది అతనే కదా. అతనూ లోపలే ఉంటాడు, వీడూ లోపలికి పోతాడు. ఒకరికి ఇద్దరవుతారు. ఆటలు దగ్గర పడ్డాయి, ఇప్పుడు ఎవరికీ ఏ మినహాయింపూ లేదు."

"అతను ఒప్పుకుంది నేరం కాదురా. నేను ఎండలో ఠాణాలో కూర్చోకూడదని ఒప్పుకున్నాడు."

మూర్తి గోడ గడియారం వైపు చూశాడు.

"మన ఊళ్ళో పనసకాయల లారీ గుర్తుందా?" అన్నాను. "నువ్వు కాలేజీలో ఉన్నావు. కాయల కింద గంజాయి దొరికితే, కాయలెత్తిన కూలివాడు పదేళ్ళు జైలుకి వెళ్ళాడు. లారీ ఎవరిదో ఊరంతా తెలుసు, కేసులోనే తెలియలేదు. ఆ కూలివాడి పెళ్ళాం మన వీధిలో ముగ్గుపిండి అమ్ముకునేది. లారీ సొంతదారు ఇంట్లో కూడా కొనేవాళ్ళు, పాపమని. ఆ రోజు నువ్వు అన్నం కంచం తోసేసి లేచావు, ఇదేం న్యాయమని."

"అప్పుడు నాకు కొడుకు లేడమ్మా," అన్నాడు.

నిజమే చెప్పాడు. వాడు చిన్నప్పట్నుంచీ నిజమే చెబుతాడు, సగం సగం.

ధాత్రి ముందుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "అత్తయ్యా, వాడికి ఇరవై ఏళ్ళు. ఈ దేశంలో జైలంటే మీకు తెలియదు. మీరు ఒక్క మాట చెప్పండి చాలు. వైద్యుడి చీటీ పోయిందని చెప్పి గజేందర్‌ని పంపించెయ్యండి. మీరు అబద్ధమాడినట్టు కూడా కాదు, చీటీ ఎలాగూ లేదు కదా."

నా కోడలు చెడ్డది కాదమ్మా. నా కాలు విరిగినప్పుడు ఆరు వారాలు నన్ను ఎత్తి కూర్చోబెట్టింది. అలాంటి మనిషి అంత చక్కగా అల్లి ఇచ్చింది ఆ మాట. నిజమే, చీటీ లేదు. అనడానికి ఎంత తేలిక.

సరేనని కిందికి దిగాను. మీ దగ్గర దాచి ఏం లాభం, చీటీ పోయిందని చెప్పడానికే దిగాను. వాడు నా మనవడు. మెట్టు మెట్టుకీ ఆ మాట నోట్లో తిప్పుకుంటూ దిగాను.

గేటు దగ్గర గజేందర్ ఫోన్లో ఉన్నాడు. నన్ను చూసి, "నర్సింగ్ ఇంటామె, విజయరాణి. నీతోని మాట్లాడతదట," అని ఫోన్ నా చేతికిచ్చాడు. ఆమెకి ఇంకా చెప్పలేదని చేత్తో సైగ చేశాడు.

"పెద్దమ్మా, నమస్తే. నేను నర్సింగ్ భార్యను. మా ఆయన ఐదు దినాలాయె, దుబాయ్ పోయినంక ఫోనే చేస్తలేడు. మీ ఇంటికన్న వచ్చిండా?"

"రాలేదమ్మా," అన్నాను. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే.

"డ్యూటీ గట్టిగున్నట్టుంది, పండుగైనా ఇడుస్తలేరు. గది గాదు పెద్దమ్మా, మందు అందిందా నీకు? డబ్బ కారుతదేమోనని నేనే పాత చీర సింపి సుట్టిన. మీ అసువంటోల్ల పానం మంచిగుంటే గా దేశంల మా ఆయన మనిషి లెక్క ఉంటడు. మోకాళ్ళు జర నయమైనయా?"

నేను ఎనభై మందికి వంట చేసిన దాన్ని, ఇద్దరు మగపిల్లల్ని పాతిపెట్టిన దాన్ని, నోరులేని దాన్ని కాదు. అయినా ఆ పిల్లకి చెప్పగలిగింది ఇదే.

"నయమైందమ్మా," అన్నాను. "నడవగలుగుతున్నాను."

ఫోన్ గజేందర్‌కి ఇచ్చేశాను. అతను ఆశగా నా చేతుల వంక చూస్తున్నాడు, చీటీ కోసం.

"ఒక్క నిమిషం నాయనా. బండి తిప్పి పెట్టు."

హాల్లోకి వచ్చాను. సూట్‌కేసు పక్క జేబులో చైతన్య పాస్‌పోర్టు, టికెట్ కాగితం కలిపి పెట్టారు. పాస్‌పోర్టు ఒక్కటీ తీసి బొడ్లో దోపుకున్నాను. పనివాళ్ళ పాస్‌పోర్టులు దాచుకునే కంపెనీల గురించి నర్సింగ్ చెప్పినప్పుడు, మనిషి దగ్గర్నుంచి అదెలా లాక్కుంటారయ్యా అని అడిగాను ఒకప్పుడు. లాక్కోవడానికి ఏమంత కష్టం లేదు. చిన్న పుస్తకం, ముసలిదాని బొడ్లోనూ పడుతుంది.

కంపెనీ పికప్ మెట్టు ఎత్తు. గజేందర్ పనిముట్ల పెట్టె తెచ్చి కింద వేశాడు, దాని మీద కాలు పెట్టి ఎక్కాను.

"ఏడికి పెద్దమ్మా? డాక్టర్ దగ్గరికా?"

"నర్సింగ్‌ని ఉంచిన చోటికి."

అతను తాళం తిప్పేలోగా చైతన్య చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. జూలై మధ్యాహ్నం ఆ రోడ్డు మీద కాలు ఆనించలేరు. ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ నా వైపు కిటికీ పట్టుకున్నాడు.

"నాయనమ్మా, పాస్‌పోర్ట్ ఇచ్చెయ్. టైమ్ లేదు."

"పక్కన చోటుంది. ఎక్కు."

"ఎక్కితే ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలుసు. నువ్వు ఎక్కకపోయినా నేను వెళ్ళి చెబుతాను. నువ్వు నీ నోటితో చెబితే మనిషివవుతావు. నేను చెబితే దొంగవవుతావు. అంతకంటే తేడా లేదు."

గేటులో మూర్తి, వాడి వెనక ధాత్రి. మూర్తి చెవి దగ్గర ఫోన్ ఉంది, ఎవరికి చేస్తున్నాడో నాకు తెలియదు. గజేందర్ స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంతసేపూ అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అతనే ఒక్కొక్కళ్ళ ముఖం చూసి తెలుసుకున్నాడు.

"గా డబ్బ గీ పిలగానిదా పెద్దమ్మా?" అని అడిగాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అవును నాయనా. నా మనవడిదే."

చైతన్య ఆ మాట విన్నాడు. వాడి చెయ్యి కిటికీ మీద నుంచి జారి తలుపు పిడి మీదకి వచ్చింది. వెనకాల నుంచి వాళ్ళ నాన్న వాడి పేరు పెట్టి పిలిచాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు, తలుపూ తెరవలేదు. పిడి పట్టుకుని, మండే రోడ్డు మీద రెండు కాళ్ళూ ఆనించి అలాగే నిలబడ్డాడు.

ఇవాళ్టికి ఇక్కడ ఆపుతానమ్మా. మీరు ఇంతవరకూ విన్నది మరిచిపోకండి. రేపు మీ ఇళ్ళలో ఎవరైనా, గల్ఫులో తెలుగువాడు గంజాయితో దొరికాడట అని తేలిగ్గా అంటే, వాళ్ళని కూర్చోబెట్టి ఈ కథ మొదటినుంచీ చెప్పండి. చెప్పేటప్పుడు నర్సింగ్ పేరుతో పాటు నా మనవడి పేరూ చెప్పండి. నా మీద జాలిపడి దాచకండి.